రహస్యం విప్పాక కథ పెరిగిందా, తరిగిందా? ఫాంటసీ గేమ్‌లు, కార్టూన్ల లోర్ (కథా ప్రపంచం వెనక ఉన్న చరిత్ర) మీద చర్చ (స్పాయిలర్లు ఉన్నాయి)

చుక్కలరాత్రి:
ఈ ప్రశ్న చాలాకాలంగా బుర్రలో తిరుగుతోంది, ఇక్కడైతే సరిగ్గా మాట్లాడుకోవచ్చని పెడుతున్నాను. ఒక ఫాంటసీ ప్రపంచంలో పెద్ద రహస్యం ఒకటి ఉంటుంది. ఏళ్ల తరబడి ఫ్యాన్స్ అందరం దాని మీద థియరీలు అల్లుతాం, వాదించుకుంటాం. చివరికి రచయితలే వచ్చి జవాబు చెప్పేస్తారు. అది విన్నాక కొన్ని కథలు ఇంకా పెద్దవవుతాయి, కొన్ని ఒక్కసారిగా నీరుగారిపోతాయి. తేడా ఎక్కడుంది?

నాకు బాగా గుచ్చుకున్న ఉదాహరణ ముందు చెబుతాను. 'అవతార్: ది లాస్ట్ ఎయిర్‌బెండర్' కార్టూన్ 2005 నుంచి 2008 దాకా వచ్చింది. బెండింగ్, అంటే నీరు, నేల, నిప్పు, గాలిని ఆడించే విద్య, మనుషులకు ఎలా అబ్బిందో అందులో ఒకచోట కూర్చోబెట్టి చెప్పరు. చంద్రుడు సముద్రాన్ని లాగడం, తోయడం చూసి తమ పూర్వీకులు నీటి విద్య నేర్చుకున్నారని యువరాణి యూయే చెబుతుంది. కొండ గుహలో ఇద్దరు ప్రేమికులు బ్యాడ్జర్‌మోల్స్ అనే నేల తవ్వే పెద్ద జంతువుల దగ్గర భూమి విద్య నేర్చుకున్న సంగతి ఇంకోచోట వస్తుంది. జూకో, ఆంగ్ రెండు డ్రాగన్ల ముందు నిలబడి నిప్పంటే కాల్చి బూడిద చేయడం ఒక్కటే కాదని తెలుసుకుంటారు. ఇవన్నీ మనమే ఏరుకుని కలుపుకోవాలి. ఆ కలుపుకోవడంలోనే అసలు ఆనందం.

2013లో దాని కొనసాగింపు 'లెజెండ్ ఆఫ్ కొరా' రెండో బుక్‌లో (సీజన్‌లో) 'బిగినింగ్స్' అని రెండు ఎపిసోడ్లు వచ్చాయి. బొమ్మలు అద్భుతం, అందులో రెండో మాట లేదు. కానీ బెండింగ్‌ని మనుషులకు ఇచ్చింది లయన్ టర్టిల్స్ అనే మహా తాబేళ్లు అని తేల్చేశారు. మనిషి ప్రకృతిని గమనించి, కష్టపడి సాధించిన విద్య కాస్తా చేతిలో పెట్టిన వరం అయిపోయింది. నాకిది ఇప్పటికీ మింగుడుపడదు. మీకు ఇలా అనిపించిన కథలేవి? లేదా దీనికి పూర్తి రివర్స్‌లో, జవాబు విన్నాక ఒళ్లు గగుర్పొడిచిన కథలేవి?

గేట్‌కాపలా (మోడరేటర్):
టైటిల్‌లో స్పాయిలర్ హెచ్చరిక ఉంది కాబట్టి పాత వాటి గురించి స్వేచ్ఛగా రాయండి. 'సిల్క్‌సాంగ్' గేమ్ చాలామంది ఇంకా ఆడుతున్నారు, దాని ఎండింగ్ జోలికి మాత్రం వెళ్లకండి. రచయితల పని మీద ఎంతైనా కోప్పడండి, పక్క సభ్యుల మీద వద్దు.

బ్యాడ్జర్‌మోల్:
చుక్కలరాత్రి గారూ, ఈ వాదన చాలాచోట్ల చూశాను. 'బిగినింగ్స్' మళ్లీ ఒకసారి జాగ్రత్తగా చూడమని నా మనవి.

లయన్ టర్టిల్ మొదటి అవతార్ అయిన వాన్‌కి నిప్పు ఇస్తుంది, నిజమే. అడవిలోకి వేటకు వెళ్లే వాళ్లందరికీ అలాగే ఇస్తుంది. వాళ్ల చేతిలో అది ఒట్టి ఆయుధం, ముందుకు విసరడం తప్ప ఇంకేమీ రాదు. వాన్ ఊరి నుంచి వెలి పడ్డాక అడవిలో స్పిరిట్స్ మధ్య బతుకుతాడు, తెల్ల డ్రాగన్‌తో కలిసి కదలికలు నేర్చుకుంటాడు. ఆ కదలికలు గమనించారా? ఆంగ్, జూకో డ్రాగన్ల ముందు చేసిన అదే నృత్యం. తర్వాత అతని మీదికి వచ్చిన వేటగాళ్లు వాన్ నిప్పుతో చేసేది చూసి బిత్తరపోతారు. వాళ్లకూ అదే నిప్పు ఉంది, అతనిలా వాడడం రాదు. శక్తి ఇచ్చింది టర్టిల్, విద్య నేర్పింది డ్రాగన్. పాత కథ ఎక్కడా కొట్టుకుపోలేదు.

చుక్కలరాత్రి:
> శక్తి ఇచ్చింది టర్టిల్, విద్య నేర్పింది డ్రాగన్.

లాజిక్ అతుకుతుందండీ, నా బాధ అది కాదు. పాత సిరీస్‌లో ఉత్తర ధ్రువం దగ్గర కొలనులో రెండు చేపలు ఉంటాయి, టూయీ, లా. చంద్రుడి, సముద్రపు ఆత్మలు అవి. ఒకటి నల్లది, ఒకటి తెల్లది. రెండూ ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతూనే ఉంటాయి. వాటిలో మంచిది ఏది, చెడ్డది ఏది అని ఎవరూ అడగరు. ఒకదాన్ని చంపగానే లోకం మొత్తం తలకిందులవుతుంది. సమతూకం అంటే ఏమిటో ఒక్క ముక్క ఉపన్యాసం లేకుండా చూపించారు.

కొరాలో రావా, వాటూ అనే రెండు ఆత్మలు వచ్చేసరికి వెలుగు అంటే మంచి, చీకటి అంటే చెడు. చెడును బంధించేస్తే శాంతి. అంత లోతున్న ఆలోచనను ఇంత తేలిక చేసేశారే అన్నది నా కడుపుమంట.

మంచుకిరీటం:
మీరు రెండో రకం అడిగారు కదా, నా దగ్గర ఒకటుంది. 'అడ్వెంచర్ టైమ్'లో ఐస్ కింగ్.

2010లో మొదలైనప్పుడు ఆ ముసలాయన ఒట్టి నవ్వులాట. యువరాణులను ఎత్తుకుపోవడం, హీరోలు ఫిన్, జేక్ చేతుల్లో దెబ్బలు తినడం, అంతే. తర్వాత క్రిస్మస్ ఎపిసోడ్‌లో ఫిన్, జేక్ అతను దాచుకున్న వీడియో టేపులు దొంగతనంగా చూస్తారు. ఎక్కువ భాగం చెత్త. చివరి టేపులో కళ్లద్దాలు పెట్టుకున్న మామూలు మనిషి కనిపిస్తాడు. పేరు సైమన్ పెట్రికోవ్, పాత వస్తువుల మీద పరిశోధన చేసేవాడు. ఎక్కడో కొన్న కిరీటాన్ని కాబోయే భార్య బెట్టీని నవ్విద్దామని సరదాకి తలమీద పెట్టుకున్నాడు. అక్కడి నుంచి మతి తప్పడం మొదలు. బెట్టీ వదిలి వెళ్లిపోయింది. ఆమెను అతను పిలుచుకునేది 'యువరాణి' అని.

ఇప్పుడు మొదటి సీజన్ మళ్లీ వేసుకుని చూడండి. అతను యువరాణులను ఎత్తుకెళ్లే ప్రతి సీనూ మారిపోతుంది. అక్కడ ఒక్క ఫ్రేమ్ కూడా కొత్తగా గీయలేదు. మనం చూసే తీరే మారింది.

ఆ తర్వాత 2012లో 'ఐ రిమెంబర్ యూ' వచ్చింది. పాటలు రాయడంలో సాయం చేయమని ఐస్ కింగ్ మార్సెలీన్ అనే వ్యాంపైర్ అమ్మాయి దగ్గరికి వస్తాడు, పాత కాగితాలు పట్టుకుని. అవన్నీ ఒకప్పుడు సైమన్‌గా ఉన్నప్పుడు చిన్నపిల్ల మార్సెలీన్‌కి తనే రాసిన మాటలు. మతి పోతోంది, నేను ఏం చేసినా క్షమించు అని. ఇప్పుడు వాటిని పాట సాహిత్యం అనుకుని హుషారుగా పాడతాడు. ఆమె పక్కన కూర్చుని ఏడుస్తూనే గొంతు కలుపుతుంది. అతనికి ఎందుకు ఏడుస్తోందో అర్థం కాదు. పదకొండు నిమిషాల కార్టూన్ ఎపిసోడ్ అది! నేను ఎన్నిసార్లు చూసినా ఆ పాట దగ్గర గొంతు పట్టేస్తుంది.

మూడక్షరాలు:
మంచుకిరీటం అక్కా, భలే చెప్పావ్. నా వంతుగా 'గ్రావిటీ ఫాల్స్'.

2012లో మొదటి ఎపిసోడ్ చివర్లో స్టాన్ తాత చుట్టూ చూసుకుని, వెండింగ్ మెషీన్ మీద కోడ్ నొక్కి వెనకాలికి వెళ్లిపోతాడు. అంతే, కట్. అది ఎందుకో పూర్తిగా తెలిసింది 2015లో, 'నాట్ వాట్ హీ సీమ్స్'లో. మధ్యలో టైటిల్స్‌లో సంకేత భాషలో సందేశాలు. మొదట్లో అక్షరాన్ని మూడు స్థానాలు వెనక్కి జరిపితే చాలు, తర్వాత తర్వాత కష్టమైన సైఫర్లు. ఫ్యాన్స్ ఫ్రేమ్ ఫ్రేమ్ ఆపి చూసేవాళ్లు. కథలో దొరికే రహస్య డైరీల రచయిత ఎవరన్నది చాలామంది ముందే పట్టేశారు కూడా. జనాన్ని దారి తప్పించడానికి సృష్టికర్త అలెక్స్ హర్ష్ స్వయంగా ఒక దొంగ 'లీక్' బొమ్మ ఇంటర్నెట్‌లో వదిలాడంటే పరిస్థితి అర్థం చేసుకోండి.

ఇక్కడ నేను చెప్పేది ఒకటే. ముందే ఊహించేశాం కాబట్టి కథ చప్పబడిపోతుందనుకుంటారు, కానీ అలా అవలేదు. తలుపు తెరుచుకున్నప్పుడు అందరూ కేకలు వేశారు. దానికి కారణం ట్విస్ట్ కాదు. స్టాన్ దాచిన యంత్రం ఆపడానికి బటన్ మీద చెయ్యి పెట్టిన అతని మనవరాలు మేబెల్ ఆ ముసలాయన్ని నమ్మాలా వద్దా అన్న టెన్షన్. జవాబు తెలిసినా ఆ అమ్మాయి ఏం చేస్తుందో తెలియదు కదా.

బూడిదవీరుడు:
గేమ్‌ల వైపు నుంచి వస్తాను. కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక పట్టండి.

'డార్క్ సోల్స్' 2011లో వచ్చింది. దేవుళ్ల నగరం ఆనోర్ లోండోలో వాళ్ల రాజు గ్విన్ సంతానం విగ్రహాలు ఉండే గది ఒకటుంది. ఒకచోట విగ్రహం ఉండదు, పీఠం మాత్రం ఉంటుంది. ఒక ఉంగరం ఐటెం డిస్క్రిప్షన్ చదివితే గ్విన్ పెద్ద కొడుకు యుద్ధ దేవుడనీ, ఏదో మూర్ఖపు పని చేసి దేవుడి హోదా పోగొట్టుకున్నాడనీ, చరిత్రలోంచి అతని పేరు కూడా తుడిచేశారనీ ఉంటుంది. గేమ్ ఇచ్చేది ఇంతే. ఒక ఖాళీ పీఠం, నాలుగు లైన్లు.

అయిదేళ్లు ఫ్యాన్స్ కొట్టుకున్నారు. సూర్యుణ్ణి ఆరాధించే సొలేర్ అనే యోధుడు ఉంటాడు, అందరికీ ప్రాణం. అతనే ఆ పెద్ద కొడుకని సగం మంది. కమ్మరి ఆండ్రే అని ఇంకొందరు.

2016లో 'డార్క్ సోల్స్ 3' వచ్చింది. ఇరిథిల్ చెరసాల బయట అంచున ఒక శవం డ్రాగన్‌లా ధ్యానంలో కూర్చుని ఉంటుంది. దాని పక్కనే మనం కూడా అదే భంగిమలో కూర్చుంటే ఒక రహస్య పర్వతానికి చేరతాం. అక్కడ మేఘాల మీద, తుఫాను డ్రాగన్ ఎక్కి వస్తాడు నేమ్‌లెస్ కింగ్. డ్రాగన్లను వేటాడిన కుటుంబంలో పుట్టి, డ్రాగన్ల పక్షాన చేరిపోయాడు. ఆ 'మూర్ఖపు పని' ఇదన్నమాట. తండ్రి చరిత్రకారులకు అది మూర్ఖత్వం. అతని వైపు నుంచి చూస్తే ఏమిటో గేమ్ చెప్పదు.

జవాబు వచ్చింది, పేరు మాత్రం ఇప్పటికీ రాలేదు. ప్రశ్నకు సమాధానం చెప్పి, ఆ సమాధానం లోపల ఇంకో తలుపు మూసి ఉంచారు. దర్శకుడు హిదెతకా మియాజాకి ఒక ఇంటర్వ్యూలో చెప్పిన సంగతి ఇక్కడ గుర్తొస్తుంది. చిన్నప్పుడు తన స్థాయికి మించిన ఫాంటసీ పుస్తకాలు చదివేవాడట, అర్థం కాని చోట్ల సొంత ఊహతో నింపుకునేవాడట. మనకీ అదే అవకాశం ఇస్తున్నాడు.

తేలేదీవి:
అర్థం కాకుండా రాస్తే లోతు వచ్చేస్తుందా బ్రో? 'డార్క్ సోల్స్' కథ నేను ఆడుతూ ఏనాడూ అర్థం చేసుకోలేదు, ఆడాక గంటల కొద్దీ లోర్ వీడియోలు చూశాకే తెలిసింది. సగం పని ఫ్యాన్స్ చేసి పెడుతుంటే పేరు వాళ్లకెందుకు?

బూడిదవీరుడు:
ఆ ఖాళీ పీఠం మీ కళ్లముందే ఉంది కదండీ. వీడియో చేసినవాళ్లు దాన్ని అక్కడ పెట్టలేదు. 'ఎల్డెన్ రింగ్'లో కూడా అంతే, లేండెల్ నగరంలో రాడగాన్ అనే రాజు విగ్రహం ముందు ఒక మంత్రం వేస్తే అది మారికా అనే దేవత విగ్రహంగా మారిపోతుంది. ఆ ఇద్దరూ ఒక్కరేనన్నమాట. ఆట మొత్తంలోనే పెద్ద రహస్యం అది, ఒక మూల నిలబెట్టి వదిలేశారు. నేలమీద ఉన్న సూచన చదివి, ఆ మంత్రం వెతికి తెచ్చి, అక్కడే వేయాలని తట్టిన ఆటగాడికి కలిగే అనుభూతి కట్‌సీన్‌లో ఎప్పటికీ రాదు.

పాతపాలడిన్:
అందరూ పెరిగిన కథలే చెబుతున్నారు. తరిగినదాని గురించి నేను చెబుతాను, ఎందుకంటే నా వయసు సగం 'వార్‌క్రాఫ్ట్'లోనే గడిచింది.

2002 నాటి 'వార్‌క్రాఫ్ట్ 3'లో ఆర్థస్ ఒక యువరాజు. స్ట్రాథోమ్ నగరంలో జనం విషపు ధాన్యం తిన్నారు, త్వరలో అందరూ బతికున్న శవాలుగా మారిపోతారు. మారకముందే అందర్నీ నరికేయమని ఆర్థస్ ఆజ్ఞ ఇస్తాడు. గురువు ఊథర్ ఒప్పుకోడు. ప్రేమించిన జైనా మొహం తిప్పుకుని వెళ్లిపోతుంది. ఆ మిషన్‌లో ఇళ్లు పగలగొట్టి జనాన్ని చంపేది మనమే, మౌస్ మన చేతిలోనే ఉంది. తర్వాత మంచుదేశంలో ఫ్రాస్ట్‌మోర్న్ కత్తి దగ్గర శాపం ఉందని హెచ్చరిక రాసి ఉంటుంది. అది తెలిసి కూడా తీసుకుంటాడు. తన ప్రజల కోసం ఏ మూల్యమైనా చెల్లిస్తానంటాడు. ప్రతి మెట్టూ అతనే దిగాడు. అందుకే ఆ కథ ఇన్నేళ్లు నిలబడింది.

2020లో 'షాడోలాండ్స్' వచ్చింది. జైలర్ అనే కొత్త విలన్‌ని తీసుకొచ్చి, ఆ కత్తి వెనకా, ఆర్థస్ చివరికి మారిన శవాల రాజు లిచ్ కింగ్ వెనకా ఉన్నది ఇతనే అన్నారు. అంతకుముందు ఈ పేరు కూడా మనం వినలేదు! కథ పెద్దది చేద్దామనుకున్నారు, నాకైతే ఆర్థస్ చిన్నవాడైపోయాడు. తప్పు దారిలో తన కాళ్లతో నడిచిన మనిషి కాస్తా ఎవరో ఆడించిన బొమ్మ అయ్యాడు. చివర్లో అతని ఆత్మలో మిగిలిన చిన్న వెలుగు ఒకటి కనిపించి ఆరిపోతుంది, ఊథర్, జైనా చూస్తుండగా. ఇరవై ఏళ్ల కథకి అదా వీడ్కోలు?

హోర్డ్ అనే పక్షానికి నాయకురాలైన సిల్వానస్‌ది ఇంకో గోడు. 2018లో 'బ్యాటిల్ ఫర్ అజెరాత్' ముందు నైట్ ఎల్ఫుల మహావృక్షం టెల్డ్రాసిల్‌ని తగలబెట్టించింది. ఆ మంటల్లో జనాన్ని కాపాడే క్వెస్ట్ ఒకటిచ్చారు. టైమ్ అతి తక్కువ, మనం ఎంత పరుగెత్తినా చాలామంది మిగిలిపోతారు. అది డిజైన్ లోపం కాదు, కావాలనే అలా పెట్టారు. ఆ పొగలో పరుగెత్తినవాళ్లు ఎవరూ ఆ రోజు మర్చిపోలేదు. తీరా 'షాడోలాండ్స్'లో ఆమె ఆత్మ రెండు ముక్కలై ఉందని, తెగిపోయిన ముక్క తిరిగి కలిశాక పశ్చాత్తాపం వచ్చిందని చెప్పారు. మరి తగలబెట్టినప్పుడు ఆమె ఆమె కాదా? నైట్ ఎల్ఫ్‌గా ఆడేవాళ్లకి కోపం ఎవరి మీద తీర్చుకోవాలో కూడా తెలియకుండా పోయింది.

చుక్కలరాత్రి గారూ, తేడా ఎక్కడని అడిగారు కదా. నా లెక్కలో ఇక్కడే. కొత్త రహస్యం పాత్ర చేసిన నిర్ణయాన్ని దాని చేతుల్లోంచి లాగేసుకుంటే కథ తరుగుతుంది.

మంచుకిరీటం:
> కొత్త రహస్యం పాత్ర చేసిన నిర్ణయాన్ని దాని చేతుల్లోంచి లాగేసుకుంటే కథ తరుగుతుంది.

మరి ఐస్ కింగ్‌ని కిరీటమే ఆడించింది కదండీ? అతని చేతుల్లో ఏముంది?

పాతపాలడిన్:
మంచి ప్రశ్న. ఐస్ కింగ్ గురించి ముందు మనకు ఏ నిర్ణయమూ చూపించలేదు, వెర్రి ముసలాడిగానే చూశాం. రహస్యం తెలిశాక అతనికి ఒక నిర్ణయం దొరికింది. కిరీటం పెట్టుకుంటే తను పోతాడని తెలిసీ ఆ పసిపిల్లను కాపాడ్డానికి మళ్లీ మళ్లీ పెట్టుకున్నాడు. 'సైమన్ అండ్ మార్సీ'లో ఉంటుంది చూడండి. అక్కడ పాత్రకు ఇచ్చారు. ఆర్థస్ దగ్గర ఉన్నది లాక్కున్నారు.

చుక్కలరాత్రి:
ఈ మాట నాకు చాలా నచ్చింది. జూకో విషయం కూడా ఇదే. రెండో బుక్ చివర్లో బా సింగ్ సే నగరం కింద అతను మారిపోతాడని అందరం ఎదురుచూశాం. ఐరో పెదనాన్న పక్కన నిలబడకుండా చెల్లెలు అజులా వైపు వెళ్లాడు. అప్పట్లో గుండె జారిపోయింది. కానీ అతన్ని ఎవరూ మంత్రించలేదు, ఏ ఆత్మా ముక్కలవ్వలేదు. అందుకే మూడో బుక్‌లో పెదనాన్న కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చినప్పుడు ఆ కన్నీళ్లకు విలువ వచ్చింది.

బూడిదవీరుడు:
ఈ కొలతతో అయితే 'ఎల్డెన్ రింగ్'కి అదనపు భాగంగా (డీఎల్‌సీగా) వచ్చిన 'షాడో ఆఫ్ ది ఎర్డ్‌ట్రీ' గురించి మాట్లాడక తప్పదు. 2024 జూన్‌లో వచ్చినప్పటి నుంచి ఈ గొడవ ఆగలేదు.

తెలియనివాళ్ల కోసం: రాడాన్ అనే మహాయోధుడు ఉంటాడు. తను పెరిగి పెరిగి కొండంత అయ్యాక కూడా చిన్నప్పటి బక్క గుర్రం మీదే తిరగాలని గురుత్వాకర్షణ విద్య నేర్చుకున్నవాడు. మొదటి గేమ్‌లో మలేనియా అనే యోధురాలి చేతిలో ఓడకుండా, గెలవకుండా, తెగులు సోకి పిచ్చెక్కి శవాలు తింటూ తిరుగుతుంటాడు. వాడికి గౌరవంగా చావు ఇవ్వడానికి ఒక పండగే జరుపుతారు. అద్భుతమైన ముగింపు.

డీఎల్‌సీలో చివరి బాస్‌గా మళ్లీ రాడానే వస్తాడు. మలేనియా కవల సోదరుడు, దేవుడు కావాలనుకునే మికెల్లా అతన్ని తన భర్తగా ఎంచుకున్నాడట, అందుకే మలేనియా యుద్ధానికి వెళ్లిందట, మోగ్ అనే ఇంకో బాస్ శరీరంలో రాడాన్ ఆత్మను దింపాడట. కథకు ముందే హత్యకు గురైన గాడ్విన్ తిరిగొస్తాడని రెండేళ్లు థియరీలు రాసినవాళ్ల ఆశల మీద నీళ్లు చల్లారు. అది సరే, నాకు బాధ కలిగించింది వేరే. ఈ మొత్తం వ్యవహారంలో రాడాన్ మనసులో ఏముందో గేమ్ ఒక్క మాట కూడా చెప్పించదు. పాలడిన్ గారు చెప్పిన జబ్బే ఇది.

పుస్తకాలఅర:
నేను ఒప్పుకోను. రాడాన్ మాట్లాడకపోవడమే అక్కడ విషయం. మికెల్లా చేతిలో పడ్డవాళ్లందరికీ జరిగేది అదే. మొదటి గేమ్‌లో మోగ్ మికెల్లాని ఎత్తుకుపోయాడని అసహ్యించుకున్నాం. డీఎల్‌సీలో మోగ్ అనుచరుడు ఆన్స్‌బాక్ చెప్పేది విన్నాక మోగ్‌నే వశపరచుకున్నారని తెలుస్తుంది. ప్రేమ అనే పేరుతో ఎదుటివాడి ఇష్టాన్ని తుడిచేసే దేవుడు ఎంత భయంకరమో చూపించడానికి రాడాన్ కంటే బలమైనవాడు ఎవరున్నారు? నిర్ణయం లాక్కోవడం జైలర్ కథలో రచయితల పొరపాటు, ఇక్కడ కథే దాని గురించి. మొదటి గేమ్ ట్రైలర్‌లోనే మలేనియా రాడాన్ చెవిలో ఏదో చెబుతుంది కూడా, కాబట్టి ఆకాశం నుంచి ఊడిపడిందేమీ కాదు.

ఇక అసలు ప్రశ్నకి నా జవాబు వేరు. జవాబే ఇవ్వకుండా, అన్ని జవాబులూ నిజమే అనొచ్చు. 'ఎల్డర్ స్క్రోల్స్' సిరీస్‌లో 'డాగర్‌ఫాల్' 1996లో వచ్చింది, ఎండింగ్‌లు చాలా ఉన్నాయి, ఒకదానికి ఒకటి పొసగవు. తర్వాతి గేమ్‌లో ఏది నిజమని తీసుకోవాలి? బెథెస్డా వాళ్లు ఏదీ కొట్టిపారేయలేదు. కాలమే విరిగిపోయి అన్నీ ఒకేసారి జరిగాయని లోకంలోనే ఒక సంఘటనగా రాశారు. ఏ ఆటగాడు ఏది ఎంచుకున్నా అది చరిత్రలో ఉంది.

అదే సిరీస్‌లోని 'స్కైరిమ్'లో అయితే ఒక కాగితం చాలు. సామ్రాజ్యానికి శత్రువులైన థాల్మోర్ ఎల్ఫుల రాయబార కార్యాలయంలోకి దొంగతనంగా వెళ్లినప్పుడు తిరుగుబాటు నాయకుడు ఉల్ఫ్రిక్ మీద ఒక ఫైల్ దొరుకుతుంది. యుద్ధంలో అతన్ని పట్టుకుని హింసించారు, అతను నోరు విప్పడం వల్లే రాజధాని పడిపోయిందని నమ్మించారు. నిజానికి అతను నోరు విప్పేటప్పటికే నగరం పడిపోయింది. ఆ అపరాధ భావంతోనే మనిషి జీవితమంతా నడుస్తోంది. అదే ఫైల్‌లో అతని తిరుగుబాటుదారులు స్టార్మ్‌క్లోక్స్ పూర్తిగా గెలవడం కూడా తమకు ఇష్టం లేదని రాసి ఉంటుంది. అందుకే 2011 నుంచి ఇప్పటిదాకా సామ్రాజ్యమా, తిరుగుబాటా అన్న వాదన తెగదు. రెండు పక్షాలూ అదే కాగితం చూపించి వాదిస్తాయి!

తేలేదీవి:
జెల్డా ఫ్యాన్‌గా నా గోడు కూడా వినండి. 2011 చివర్లో అధికారిక పుస్తకంలో టైమ్‌లైన్ వేసి, 'ఓకరినా ఆఫ్ టైమ్' దగ్గర మూడు కొమ్మలుగా చీల్చారు. మూడోది హీరో ఓడిపోయిన కొమ్మ. ఎవరూ ఊహించలేదు. ఆ చర్చలు నాకు ఇష్టమే.

నన్ను నిజంగా విసిగించింది లోర్ కాదు, చెప్పే తీరు. 2023లో 'టియర్స్ ఆఫ్ ది కింగ్‌డమ్'. నేలమీద గీసిన పెద్ద బొమ్మల దగ్గర జ్ఞాపకాలు దొరుకుతాయి, ఏ వరసలోనైనా చూడొచ్చు. యువరాణి జెల్డా ఏమైపోయిందో, లోకాన్ని కాపాడ్డానికి తనను తాను ఎలా మరిచిపోయి ఆకాశంలో డ్రాగన్‌గా తిరుగుతోందో చూసినప్పుడు నిజంగా కదిలిపోయాను. పైకి చూస్తే ఆమె అక్కడే ఎగురుతోంది. ఇన్నాళ్లూ నేను ఆ డ్రాగన్ కిందే తిరిగాను. ఆ ఆలోచనకు నూటికి నూరు.

కానీ ఆ తర్వాత ఊళ్లోకి వెళితే అందరూ యువరాణి ఎక్కడ, అక్కడ కనిపించింది, ఇక్కడ కనిపించింది అంటూనే ఉంటారు. హీరో లింక్‌కి తెలుసు. నాకు తెలుసు. చెప్పే వీలు లేదు. నాలుగు గుడుల్లో ఏది ముందు పూర్తి చేస్తామో గేమ్ తయారుచేసినవాళ్లకు తెలియదు కాబట్టి ప్రతి గుడి చివరా దాదాపు అదే మాటలు, ఎవరో ఒక ఋషి, అదే యుద్ధం కథ. ఇంత అందమైన రహస్యం రాసుకుని దాన్ని పాత్రల నోటికి అందనివ్వకపోతే ఎలా?

మూడక్షరాలు:
తేలేదీవి బ్రో, సరిగ్గా ఇదే 'స్టీవెన్ యూనివర్స్'లో కథలో భాగం చేశారు. 2018లో స్టీవెన్ తల్లి, తిరుగుబాటు నాయకురాలు రోజ్ క్వార్ట్జే ఆమె ఎదిరించిన పాలకురాలు పింక్ డైమండ్ అని బయటపడింది కదా. ఆమె సేవకురాలు పెర్ల్‌కి అంతా తెలుసు, చెప్పలేదు. చెప్పకూడదని పింక్ ఇచ్చిన చివరి ఆజ్ఞ ఆమె నోరు కట్టేసింది. చెప్పలేకపోవడమే ఆ పాత్ర నరకం. లింక్‌కి అలాంటిది ఒక్క సీన్ రాసినా చాలు.

కొత్తగాలి:
నమస్తే అందరికీ. 'అవతార్' పూర్తి చేశాను, 'కొరా' మొదలుపెట్టలేదు. పాత అవతారాలతో బంధం తెగిపోతుందని ముందే తెలిసిపోయి మనసు ఒప్పుకోలేదు. ఇక్కడి మాటలు చదివాక ఇంకా తికమకగా ఉంది. చూడమంటారా?

బ్యాడ్జర్‌మోల్:
చూడమ్మా, తప్పకుండా. మొదటి బుక్ బాగుంటుంది, రెండో బుక్ సగం దాకా కాస్త ఓపిక పట్టు. 'బిగినింగ్స్' చూశాక వచ్చి ఏమనిపించిందో నీ మాటల్లో రాయి. మా గొడవలు పట్టించుకోకు.

చుక్కలరాత్రి:
నేనూ చూడమనే అంటాను. కోపం ఉన్నది ఇష్టం వల్లే.

కొత్తగాలి:
చూశాను! రెండో బుక్ పూర్తయింది, మూడోది మొదలుపెట్టబోతున్నాను.

టర్టిల్ ఇచ్చిందా, డ్రాగన్ నేర్పిందా అన్న దాని మీద నాకు పెద్దగా పట్టింపు కలగలేదు. నన్ను పట్టుకున్నది వాన్ చివరి సీన్. ముసలివాడై యుద్ధభూమిలో శవాల మధ్య పడి ఉంటాడు. లోకానికి శాంతి తెస్తానన్నాడు, తేలేకపోయాడు. టైమ్ సరిపోలేదని రావాకి క్షమాపణ చెబుతాడు. నీ జన్మలన్నిటిలో నీతోనే ఉంటానని రావా అంటుంది. అప్పుడే ఎక్కడో ఒక పసిబిడ్డ ఏడుపు. అంటే మొదటి అవతారమే పని పూర్తి చేయలేకపోయాడు! ఆంగ్ నూరేళ్లు మంచులో ఉండిపోయినందుకు పడ్డ బాధ అంతా నాకు ఇప్పుడు వేరేగా కనిపిస్తోంది. ఓటమితోనే మొదలైన బాధ్యత అది. చుక్కలరాత్రి గారూ, నా లెక్కలో ఇది పెరిగిన కథే.

చుక్కలరాత్రి:
ఆ సీన్ విషయంలో నీతో వాదించను కొత్తగాలి, నాకూ అది ప్రాణం. కానీ చూడు, అంత గొప్పగా కట్టిన ఆ జన్మల గొలుసును అదే సీజన్ చివర్లో తెంపేశారు. పాత అవతారాలైన రోకు లేడు, క్యోషీ లేదు, ఆంగ్ కూడా లేడు. పునాది చూపించిన నోటితోనే ఇల్లు కూల్చేశామంటే ఎలా? అది ఏ పాత్ర నిర్ణయం? కొరా ఎంచుకున్నది కూడా కాదు.

బ్యాడ్జర్‌మోల్:
కొరా ఎంచుకోలేదు, నిజమే. కానీ రచయితలు దాన్ని మర్చిపోయి చేతులు దులుపుకోలేదండీ. మూడో బుక్ చివర్లో రెడ్ లోటస్ అనే ముఠా వాళ్లు ఆమెకు విషం ఎక్కిస్తారు, బతికి బయటపడినా మనిషి కుప్పకూలిపోతుంది. ఆంగ్‌కి కష్టం వస్తే కళ్లు మూసుకుని రోకుని పిలిచేవాడు. కొరా ఎవర్ని పిలవాలి? నాలుగో బుక్‌లో ఆ భయం పోగొట్టుకోవడానికి ఆమె వెళ్లింది ఆ ముఠా నాయకుడు జహీర్ ఉన్న జైలుకి. తన మీద విషం ప్రయోగించినవాడి దగ్గరికి! అతని ఎదురుగా కూర్చుని, అతని మాట సాయంతోనే స్పిరిట్ వరల్డ్‌లోకి వెళుతుంది. వెయ్యి జన్మల గురువులు అందుబాటులో ఉన్న అవతార్‌కి ఆ తలుపు తట్టాల్సిన అవసరమే రాదు. ఆ తలుపు తట్టాలన్నది మాత్రం పూర్తిగా కొరా నిర్ణయం. కొత్తగాలీ, నువ్వు అక్కడిదాకా వచ్చాక ఈ ముక్క మళ్లీ మాట్లాడుకుందాం.